ఆన్‌లైన్ వేదికలు, చట్టం, మీ ఫిర్యాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

సామాజిక మాధ్యమాల్లో పరువు పోయినవారు, ఖాతా పోగొట్టుకున్నవారు, షాపింగ్ యాప్‌లో డబ్బు ఇరుక్కుపోయినవారు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకటే. అదే జవాబును ఫోనులో మళ్లీ మళ్లీ చెప్పడం కన్నా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఇవి భారతదేశంలోని చట్టానికి సంబంధించిన జవాబులు. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా అర్థమయ్యేలా రాశాను కాబట్టి, అన్నీ చదివేవారికి కొన్ని సంగతులు రెండుసార్లు కనిపిస్తాయి.

## ముందుగా తెలుసుకోవలసినవి

చట్టం 'మధ్యవర్తి' అని ఎవరిని అంటుంది?

ఇతరుల సమాచారాన్ని వారి తరఫున అందుకుని, దాచి, చేరవేసే సంస్థను సమాచార సాంకేతిక చట్టం (ఐటీ చట్టం), 2000 మధ్యవర్తి అంటుంది. సామాజిక మాధ్యమాలే కాదు, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ, సెర్చ్ ఇంజన్, ఆన్‌లైన్ చెల్లింపుల సైటు, వేలం సైటు, ఇతరుల సరుకు అమ్మిపెట్టే షాపింగ్ యాప్, చివరికి సైబర్ కెఫే కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. తన సొంత వార్తలను తానే రాసి ప్రచురించే వెబ్‌సైటు ఆ వార్తల విషయంలో మధ్యవర్తి కాదు, ప్రచురణకర్తే.

ఎవరో రాసినదానికి వేదిక ఎందుకు శిక్ష అనుభవించదు?

ఐటీ చట్టం సెక్షన్ 79 ఇచ్చిన రక్షణ వల్ల. దీన్నే సేఫ్ హార్బర్ అంటారు. 2004లో బాజీ డాట్ కామ్ అనే వేలం సైటులో ఒక సభ్యుడు అశ్లీల వీడియోను అమ్మకానికి పెట్టినప్పుడు, ఆ సంస్థ అధిపతినే అరెస్టు చేశారు. సభ్యుడు పెట్టినదానికి సైటు నడిపేవారిని ఎంతవరకు పట్టుకోవచ్చన్న చర్చ అప్పుడు గట్టిగా మొదలైంది. 2008లో పార్లమెంటు ఆమోదించిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చి, సెక్షన్ 79కి ఇప్పుడున్న రూపాన్ని ఇచ్చింది.

అయితే ఈ రక్షణ షరతులతో కూడినది. సందేశాన్ని వేదిక తానుగా మొదలుపెట్టకూడదు, ఎవరికి చేరాలో తాను ఎంచకూడదు, అందులోని విషయాన్ని మార్చకూడదు. వీటితోపాటు ప్రభుత్వ నియమాలు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించాలి. చట్టవిరుద్ధమైన పనికి తాను సహకరించినా, తొలగించమని చట్టప్రకారం తెలియజేసిన తర్వాత కదలకపోయినా ఆ రక్షణ పోతుంది. వేదికను నిలదీయడానికి పౌరుడికి ఉన్న పట్టు ఈ షరతులే. నాతో మాట్లాడేవారిలో చాలామంది వేదికకు అన్నిటి నుంచీ మినహాయింపు ఉందనుకుని, ఫిర్యాదు రాయకుండానే వదిలేస్తుంటారు.

పెద్ద వేదికలకు అదనపు బాధ్యతలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 25న నోటిఫై అయిన మధ్యవర్తుల నియమాల ప్రకారం, దేశంలో 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న సామాజిక మాధ్యమాన్ని ముఖ్యమైన మధ్యవర్తిగా లెక్కిస్తారు. అలాంటి సంస్థ భారతదేశంలో నివసించే ముగ్గురిని నియమించాలి. వారిలో ఒకరు నియమాల అమలుకు వ్యక్తిగతంగా బాధ్యత వహించే ప్రధాన అధికారి, ఒకరు పోలీసులతో ఎప్పుడూ అందుబాటులో ఉండే నోడల్ వ్యక్తి, మరొకరు ఫిర్యాదుల అధికారి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, వాటిపై ఏం చేశారో నెలనెలా నివేదిక ప్రచురించాలి.

నేను వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ని. సభ్యులు పెట్టే సందేశాలకు నేను జవాబుదారీనా?

అడ్మిన్ అయినంత మాత్రాన కాదు. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో ఇదే చెప్పాయి. సభ్యుణ్ని చేర్చడం, తీసేయడం తప్ప సందేశాన్ని ముందే చూసి ఆపే అధికారం అడ్మిన్‌కు లేదని అవి గుర్తించాయి. సభ్యుడితో కుమ్మక్కై పెట్టించారని తేలితే మాత్రం పరిస్థితి వేరు.

## మీకు హాని చేసే పోస్టు కనబడినప్పుడు

'రిపోర్ట్' బటన్ నొక్కాను. ఫిర్యాదు చేసినట్టే కదా?

దాన్నే నమ్ముకోవద్దు. ఈ ఒక్క అపోహ వల్ల జరిగిన నష్టం ఇంకే పొరపాటు వల్లా జరగలేదని నా అనుభవం.

రవికలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఒకావిడ తన పేరుతో, తన ఫొటోతో ఎవరో నకిలీ పేజీ తెరిచి ముందస్తు సొమ్ము వసూలు చేస్తున్నారని నా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆరు వారాలు గడిచాయి. తాను పదకొండుసార్లు రిపోర్ట్ చేశానని ఫోను తెరిచి చూపించారు. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: 'మీ నివేదికను పరిశీలించాం, మా ప్రమాణాల ఉల్లంఘన కనిపించలేదు.' ఆ జవాబులో మనిషి పేరు లేదు, ఫిర్యాదు సంఖ్య లేదు. అదే విషయాన్ని ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్‌గా, లింకుతో, నియమం పేరు చెప్పి రాశాక మర్నాటికి ఆ పేజీ పోయింది. అందరికీ ఇంత త్వరగా జరుగుతుందని చెప్పలేను. కానీ గడువులూ అప్పీలు హక్కూ నియమాలు పెట్టింది ఫిర్యాదుల అధికారికి అందిన ఫిర్యాదుకు.

ఆ అధికారి పేరునూ సంప్రదించే మార్గాన్నీ వేదిక తన సైటులో, యాప్‌లో స్పష్టంగా ప్రకటించాలి. సాధారణంగా పేజీ అడుగున గాని, 'సహాయం' విభాగంలో గాని ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి. పరిష్కారానికి 2021 నియమాలు 15 రోజులు ఇచ్చాయి, 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలైన సవరణ దాన్ని 7 రోజులకు కుదించింది.

ఫిర్యాదులో ఏమి రాయాలి?

కోపం తగ్గించి, వివరం పెంచండి. చదివే వ్యక్తి రోజుకు వందల ఫిర్యాదులు చూస్తూ ఉండవచ్చు, కాబట్టి మొదటి నాలుగు వాక్యాల్లోనే పని జరగాలి. నేను రాసిచ్చే నమూనా ఇలా ఉంటుంది:

'ఫలానా ఖాతా నా పేరు, నా ఫొటో వాడుకుని నేనేనని నమ్మిస్తోంది. ఖాతా లింకు ఇది, పోస్టుల లింకులు ఇవి. మార్చి 3 ఉదయం 9:40కి తీసిన స్క్రీన్‌షాట్లు జతపరిచాను. నా అసలు ఖాతా లింకు ఇది. ఇది 2021 మధ్యవర్తుల నియమాల్లోని నియమం 3(2)(బి) కిందకు వచ్చే మారువేషం కనుక ఆ నియమం చెప్పిన గడువులో తొలగించి, నాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.'

స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం, ఖాతా పూర్తి పేరు కనిపించాలి. లింకును స్క్రీన్‌షాట్‌గా కాకుండా అక్షరాల్లోనే కాపీ చేసి అతికించాలి. ఫిర్యాదు పంపక ముందే ఇవన్నీ భద్రపరచుకోండి, ఎందుకంటే అవతలివారికి ఉప్పందితే ముందు మాయమయ్యేవి ఆధారాలే. తొలగించిన సమాచారాన్నీ సంబంధిత రికార్డులనూ దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలని నియమం ఉన్నప్పటికీ, అవి మీ చేతికి రావు.

నా ఫొటోను మార్ఫింగ్ చేసి అసభ్యంగా పెట్టారు. ఎంత సేపట్లో తీయాలి?

నగ్నత్వం, లైంగిక చర్య, వ్యక్తి ఆంతరంగిక భాగాలు చూపే చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి, మరొకరిగా నటించే ఖాతాలు: ఇవన్నీ ఒకే ప్రత్యేక నియమం కిందకు వస్తాయి. బాధితులు గాని, వారి తరఫున మరెవరైనా గాని ఫిర్యాదు చేయవచ్చు. కోర్టు ఉత్తర్వు అక్కరలేదు. 2021లో ఇందుకు 24 గంటల గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరి సవరణ దాన్ని 2 గంటలకు తగ్గించింది. ఇలాంటి చిత్రం ఒక గంట ఉంటే ఎన్ని ఫోన్లలోకి దిగుతుందో ఆలోచిస్తే ఆ మార్పు ఎంత అవసరమో తెలుస్తుంది.

దీనితోపాటే సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మహిళలు, పిల్లలకు సంబంధించిన నేరాలకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా నివేదించవచ్చు. వేదిక తొలగించడం వేరు, నేరం చేసినవారిపై కేసు వేరు. మొదటిది జరిగిందని రెండోది వదిలేయనక్కరలేదు. ఎవరైనా ఆ చిత్రం చూపి డబ్బు అడిగితే ఇవ్వవద్దు, ఆ సందేశాలను చెరపవద్దు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఇంట్లో చెప్పుకోలేని స్థితిలో ఉన్నవారికి ఒక్క మాట: ఇందులో మీ తప్పు లేదు, చట్టం కూడా మిమ్మల్ని బాధితులుగానే చూస్తుంది.

నా గురించి అబద్ధాలు రాశారు. నేను చెబితే తీసేయాలి కదా?

పరువునష్టం విషయంలో మీ మాట ఒక్కటే చాలదు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏని కొట్టివేస్తూనే, వేదికకు 'తెలిసింది' అంటే కోర్టు ఉత్తర్వు గాని, ప్రభుత్వం చట్టప్రకారం ఇచ్చిన నోటిఫికేషన్ గాని అందడమేనని స్పష్టం చేసింది. కోట్లమంది పంపే అభ్యంతరాల్లో ఏది న్యాయమో వేదికే తీర్పు చెప్పాలంటే, గిట్టని ప్రతి మాటనూ తీసేయడమే దానికి సులువవుతుంది. ఈ తీర్పు సరైనదేనని నేను నమ్ముతాను, అయితే దీనివల్ల సామాన్యుడికి పడే భారం చిన్నది కాదు. 2021 నియమాలకు 2022 అక్టోబరులో చేసిన సవరణ కూడా వాటిలోని నిషిద్ధ విషయాల జాబితా నుంచి పరువునష్టం అనే మాటను తీసేసింది.

అలాగని రాయడం మానవద్దు. వేదిక సొంత నిబంధనలకు ఆ పోస్టు విరుద్ధమైతే, అంటే బెదిరింపు ఉన్నా, మీ ఇంటి చిరునామా బయటపెట్టినా, ఆ కారణంతో అడగండి. అబద్ధమన్న కారణం ఒక్కటే ఉన్నప్పుడు సివిల్ కోర్టులో తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరాలి.

ఆ పోస్టు పెట్టిందెవరో తెలియదు. ఎవరి మీద దావా వేయాలి?

ప్రతివాది పేరు తెలియకపోయినా దావా వేయవచ్చు. మన కోర్టుల్లో ఇలాంటివాటిని 'అశోక్ కుమార్' ఉత్తర్వులంటారు, తెలియని ప్రతివాదికి వాడే ఊహా నామం అది. వేదికను కూడా పార్టీగా చేర్చి, ఆ ఖాతా నమోదు వివరాలను కోర్టు ముందుంచాలని అడగవచ్చు. పోలీసు కేసు నమోదైతే దర్యాప్తు అధికారే లిఖితపూర్వకంగా ఆ వివరాలు కోరతారు. వేదిక మీకు నేరుగా ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా.

వాట్సాప్‌లో తిరిగే సందేశాన్ని మొదట పంపినవారిని కనిపెట్టవచ్చా?

2021 నియమాల్లో అలాంటి బాధ్యత ఉంది, కానీ కోర్టు గాని అధీకృత ప్రభుత్వాధికారి గాని ఉత్తర్వు ఇస్తేనే, అదీ నియమం పేర్కొన్న తీవ్ర నేరాల్లోనే. సందేశాల గోప్యతను ఛేదించకుండా ఇది సాధ్యం కాదంటూ వాట్సాప్ 2021లోనే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. మామూలు గొడవలో ఈ దారి మీకు ఉపయోగపడదు.

నా వీడియోను కాపీ చేసి తమ ఛానల్‌లో పెట్టుకున్నారు. ఏం చేయాలి?

ఇది కాపీరైట్ విషయం. ఆ వేదికలోని కాపీరైట్ ఫారం నింపడం అన్నిటికన్నా త్వరగా తేలే మార్గం. అసలు ఫైలు, మొదట ప్రచురించిన తేదీ దగ్గర ఉంచుకోండి. అవతలివారు ఎదురు వాదన పంపితే వేదిక సాధారణంగా కోర్టుకు వెళ్లమంటుంది.

ఏఐతో చేసిన వీడియో అని గుర్తు పెట్టడం తప్పనిసరా?

2026 ఫిబ్రవరి 20 నుంచి తప్పనిసరి. నిజమైన వ్యక్తో సంఘటనో అని నమ్మించేలా కృత్రిమంగా తయారుచేసిన దృశ్యానికి, ధ్వనికి స్పష్టమైన గుర్తు ఉండాలి. పెద్ద వేదికలు పోస్టు చేసేవారి నుంచి ఆ ప్రకటన తీసుకుని సరిచూడాలి. రంగులు సరిచేయడం వంటి మామూలు ఎడిటింగ్‌కు ఇది వర్తించదు.

## మీ పోస్టునో ఖాతానో తొలగించినప్పుడు

కారణం చెప్పకుండా నా పోస్టు తీసేశారు. అలా చేయవచ్చా?

పెద్ద సామాజిక మాధ్యమం తనంతట తానుగా, నిషిద్ధ విషయమన్న కారణంతో తొలగించేటప్పుడు ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో ముందుగా మీకు తెలియజేయాలి. దానిపై అభ్యంతరం చెప్పి పునరుద్ధరణ కోరే తగిన అవకాశం ఇవ్వాలి. ఇది 2021 నియమాల్లో నియమం 4(8). 'సామాజిక ప్రమాణాల ఉల్లంఘన' అన్న రెండు ముక్కలు నా దృష్టిలో కారణమే కాదు. ఏ పోస్టు, ఏ ప్రమాణం, అందులో ఏ భాగం అని రాసి అడగండి, నియమం సంఖ్యను ఉదహరించండి.

ఖాతా మొత్తం పోయినప్పుడు ఆ ఖాతాలోంచే అభ్యంతరం చెప్పే వీలు ఉండకపోవచ్చు. ఆ ఖాతాకు జతచేసిన ఈమెయిల్ నుంచే ఫిర్యాదుల అధికారికి రాయండి. జీవనోపాధి దాని మీదే ఆధారపడి ఉంటే ఆ సంగతి, పోయిన ఆర్డర్ల లెక్కతో సహా, తప్పక చెప్పండి. తర్వాత కోర్టుకు వెళ్లవలసి వస్తే నష్టానికి అదే ఆధారమవుతుంది.

ప్రభుత్వ ఆదేశం మేరకు తొలగించామంటున్నారు. నేను ఏం చేయగలను?

ముందుగా ఏ సెక్షన్ కింద అని వేదికను అడగండి, ఎందుకంటే దారులు రెండు. ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద దేశ భద్రత, ప్రజాశాంతి వంటి నిర్దిష్ట కారణాలకే కేంద్రం నిషేధించగలదు. 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లను ఆపింది ఈ సెక్షన్ కిందే. కారణాలు లిఖితపూర్వకంగా ఉండాలి, కమిటీ పరిశీలన ఉండాలి. ఈ రక్షణలు ఉన్నందువల్లే సుప్రీంకోర్టు 2015లో ఈ సెక్షన్‌ను నిలబెట్టింది. అయితే 2009 నిషేధ నియమాల్లోని గోప్యత నిబంధనను చూపి ఉత్తర్వు ప్రతిని పౌరుడికి ఇవ్వకపోవడం మామూలైపోయింది. తన మీద ఉన్న ఉత్తర్వునే చదవలేని మనిషి దాన్ని సవాలు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

రెండోది సెక్షన్ 79(3)(బి) కింద వచ్చే తొలగింపు నోటీసు. 2025 నవంబరు 15 నుంచి ఇలాంటి నోటీసును జాయింట్ సెక్రటరీ స్థాయికి, పోలీసు శాఖలోనైతే డీఐజీ స్థాయికి తగ్గని అధికారే ఇవ్వాలి. చట్టపరమైన ఆధారం, ఆక్షేపించిన లింకు అందులో ఉండాలి. నోటీసు అందాక వేదికకు మొదట 36 గంటలు ఉండేవి, 2026 సవరణతో 3 గంటలే మిగిలాయి. మూడు గంటల్లో ఎవరూ తప్పొప్పులు తూచలేరు. సందేహమున్నా తీసేయడమే జరుగుతుందన్నది నా ఆందోళన. ఈ నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్‌ను ఎక్స్ (పాత ట్విట్టర్) సంస్థ సవాలు చేయగా, కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరులో ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

ఏ దారిలో తీసినా, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద మీరు హైకోర్టును ఆశ్రయించవచ్చు.

## ఆన్‌లైన్ కొనుగోళ్లలో

'అమ్మింది మేము కాదు, అమ్మకందారును అడగండి' అంటున్నారు. అంతేనా?

అంతే కాదు. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు 2020 జూలైలో వచ్చాయి. ఇతరుల సరుకు అమ్మిపెట్టే యాప్ కూడా ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి, ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య ఇవ్వాలి. అమ్మకందారు పేరు, చిరునామా దాచకూడదు. మీరు కొన్న తర్వాత రాతపూర్వకంగా అడిగితే ఆ వివరాలు ఇచ్చి తీరాలి.

అక్కడ తేలకపోతే 1915కి ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. ఆ తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి తిరగనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

సభ్యత్వం రద్దు చేసుకుందామంటే బటనే దొరకడం లేదు. ఇది తప్పు కాదా?

తప్పే. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మోసపూరిత డిజైన్లను డార్క్ ప్యాటర్న్‌లుగా పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దును కష్టతరం చేయడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, 'ఇంకా రెండే మిగిలాయి' అని అబద్ధపు తొందర పెట్టడం అందులో ఉన్నాయి. తెరను వీడియోగా రికార్డు చేసి 1915కి ఫిర్యాదు చేయండి.

## వేదిక పట్టించుకోకపోతే

సామాజిక మాధ్యమం ఫిర్యాదుల అధికారి తిరస్కరించారు. పైన ఎవరున్నారు?

ఫిర్యాదుల అప్పీలేట్ కమిటీ, అంటే జీఏసీ. కేంద్రం 2023 జనవరిలో ఇలాంటి మూడు కమిటీలను ఏర్పాటు చేసింది. ఒక్కో కమిటీలో ముగ్గురుంటారు. అధికారి జవాబు అందిన 30 రోజుల్లో అప్పీలు చేయాలి. గడువులో పరిష్కారం రాకపోయినా చేయవచ్చు. కమిటీ కూడా 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. అంతా ఆన్‌లైన్‌లోనే, న్యాయవాది అవసరం లేదు. పోస్టు ఉంచినందుకు బాధపడేవారికీ, తీసినందుకు బాధపడేవారికీ ఇదే దారి.

అప్పీలుకు ఫిర్యాదు ప్రతి, అధికారి జవాబు కావాలి. ఈ రెండూ చేతిలో లేనందువల్లే నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది ఇక్కడ ఆగిపోయారు. ప్రభుత్వమే నియమించిన కమిటీ పౌరుల మాటల మీద తీర్పు చెప్పడంపై విమర్శ ఉంది, అందులో న్యాయమూ ఉంది. అయినా కోర్టు ఖర్చు భరించలేనివారికి ఇవాళ అందుబాటులో ఉన్న మెట్టు ఇదే కనుక వాడుకోమనే చెబుతాను.

నియమాలు పాటించని వేదికకు జరిమానా పడుతుందా? ఐరోపాలో పడుతుందంటారే?

ఐరోపా సమాఖ్యలో 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలైన డిజిటల్ సేవల చట్టం ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 6 శాతం వరకు జరిమానా వేయనిస్తుంది. అక్కడ నెలకు 4.5 కోట్లమంది వాడే వేదికలు తమవల్ల సమాజానికి కలిగే ముప్పులను ఏటా అంచనా వేసి, బయటి ఆడిట్‌కు లోబడాలి. మన 2021 నియమాల్లో అలాంటి జరిమానా లేదు. ఉల్లంఘిస్తే సెక్షన్ 79 రక్షణ పోతుంది, అంటే ఆ పోస్టుకు రాసినవారితోపాటు వేదికా కేసును ఎదుర్కోవాలి. ఈ శిక్ష వినడానికి పెద్దదే. కానీ ఎవరో కేసు వేసి నెగ్గేదాకా అది కాగితం మీదే ఉంటుంది, అందుకే ఒక్కొక్క ఫిర్యాదును ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేసినా వేదిక జేబుకు తగలదు. మన చట్టంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

జీఏసీ కూడా నాకు వ్యతిరేకంగా చెబితే?

ఆ ఉత్తర్వును హైకోర్టులో రిట్ పిటిషన్‌తో సవాలు చేయవచ్చు. పోస్టు పెట్టినవారిపై సివిల్ దావా, నేరమైతే పోలీసు కేసు వేసే హక్కులు జీఏసీ నిర్ణయంతో పోవు. న్యాయవాదిని కలిసేటప్పుడు లింకులు, తేదీతో ఉన్న స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదు సంఖ్య, అధికారి జవాబు, జీఏసీ ఉత్తర్వు ఈ వరసలో ఒకే ఫైలుగా పెట్టుకుని వెళ్లండి. ఆదాయం తక్కువ ఉన్నవారు, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఆ కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.